ఎండ కూడా ఒక పంటే



వేసవి వచ్చినదంటే మన పల్లెలలో రెండు మాటలు వినబడును. ఎండ మండిపోవుచున్నదని ఒకటి, బోరు ఎండిపోయినదని మరొకటి. ఈ రోజులలో ‘హరిత ఆర్థిక వ్యవస్థ’ అను పెద్ద మాట తరచుగా వినుచున్నాము. రైతు ఇంటికి దాని అర్థమేమో తెలుపుటకు, ఎండను అమ్ముకొన్న కొందరు రైతుల సంగతి ఈ నెల వ్రాయుచున్నాము.

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఢుండి అను గ్రామమున్నది. 2015-16లో అక్కడి ఆరుగురు రైతులు సౌరవిద్యుత్ సహకార సంఘముగా ఏర్పడిరి. డీజిల్ ఇంజన్లకు బదులు సోలార్ పంపులు పెట్టుకొనిరి. ఖర్చులో చాలా భాగము అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ సమకూర్చగా, రైతులు తమ వాటా తాము వేసుకొనిరి. పైరు తడిపిన తరువాత మిగిలిన కరెంటును యూనిట్ 4 రూపాయల 63 పైసల చొప్పున 25 సంవత్సరములు కొనుటకు విద్యుత్ సంస్థతో ఒప్పందము కుదిరినది.

ఇందులోని మర్మమును గమనించండి. సోలార్ పంపుకు డీజిల్ ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు. అమ్ముకొనే దారి లేకపోతే ఎండ ఉన్నంతసేపు మోటారు ఆడుచునే యుండును, భూమిలో నీరు అడుగంటును. మిగిలిన కరెంటుకు వెల ఉన్నప్పుడు, “ఈ తడి పైరుకు నిజముగా అవసరమా?” అని రైతు ఒకసారి ఆలోచించును. నీటి పొదుపు అక్కడే మొదలగును.

మన రెండు రాష్ట్రములలో సేద్యమునకు కరెంటు ఉచితము. అది రైతుకు ఆసరాయే. అయితే మోటారు ఆపి నీరు పొదుపు చేసినవానికి దానివలన ఒక్క రూపాయి కూడా మిగలదు. కేంద్ర ప్రభుత్వము 2019లో తెచ్చిన కుసుమ్ పథకములో, ఉన్న కరెంటు పంపుసెట్టుకే సోలార్ పలకలు అమర్చుకొని మిగులు కరెంటు అమ్ముకొనే పద్ధతిని కూడా చేర్చిరి.

అయినను తొందరపడి అప్పు చేయవద్దని మా మనవి. మిగిలిన కరెంటును ఎవరు కొందురు? ఏ ధరకు, ఎన్ని సంవత్సరములు? పలకలు చెడిపోతే బాగుచేయువారెవరు? వీటికి జవాబులు కాగితము మీద తీసుకొనండి. ఒక్కరుగా కాక నలుగురు కలిసి అడగండి.

పచ్చని పేరు పెట్టుకొన్న ప్రతి ఖర్చు పెట్టుబడి కాదు. ఇంటికి రాబడి తెచ్చి, బోరులో నీరు మిగిల్చినదే పెట్టుబడి. మన పిల్లలు సేద్యము చేయవలసినది కూడా ఆ నీటితోనే గదా!