కాళీనది ఏ పాయ?

1815 డిసెంబరు 2వ తేదీన, నేడు బీహారు రాష్ట్రమున తూర్పు చంపారణ్ జిల్లాలో నున్న సుగౌలీలో, ఈస్టిండియా కంపెనీ పక్షమున కర్నల్ బ్రాడ్‌షాయును, నేపాలు నేలు గోర్ఖారాజు పక్షమున రాజగురువు గజరాజ మిశ్రుడును, చంద్రశేఖర ఉపాధ్యాయుడును వ్రాసికొన్న సంధిపత్రము వారి యుద్ధమును ముగించినదే కాని, రెండు శతాబ్దములు గడచినను తెగని తగవు నొకదానిని వెంటదెచ్చినది. ఖాట్మండు దర్బారు దాని నంగీకరింపక జాప్యము చేయగా కంపెనీ జనరల్ ఆక్టర్లోనీ సేనతో మక్వాన్‌పూరు దాక నడచెను. 1816 మార్చి 4న రాజముద్ర పడిన పత్రము అతని చేతికి వచ్చెను. ఫిరంగుల యెదుట వేసిన ఆ ముద్రను నేపాలీయులు నేటికిని అవమానముగా దలచుటలో వింత యేమియు లేదు.

ఆ పత్రమునందలి అయిదవ నిబంధన ప్రకారము రాజు కాళీనదికి పడమటనున్న దేశములపై సర్వహక్కులను వదలుకొనెను. కుమావూ, గఢ్వాల్ సీమలు అట్లు నేపాలుకు దూరమైనవి. మైదానమున శారదయని పిలువబడుచు విశాలముగా పారు ఆ నదిని గురించి సందేహము లేదు. కాని పైకి పోయి వ్యాస్ లోయలో గుంజీ గ్రామము చేరినచో అచ్చట రెండు పాయలు కలియుచుండును: వాయవ్యమున లింపియాధురా వైపునుండి వచ్చు కుఠీ ఒకటి, తూర్పున కాలాపానీ, లిపులేఖ్ కనుమల వైపునుండి వచ్చు చిన్న పాయ మరియొకటి. వీనిలో కాళి యేది? సంధిపత్రమున దీనికి సమాధానము లేదు.

ఈ ప్రశ్న నిన్నమొన్న పుట్టినదని మనలో పలువురు నమ్ముచున్నారు, అది సరికాదు. 1817లోనే కాళికి తూర్పుననున్న తింకర్, ఛాంగ్రు గ్రామములు సంధి ప్రకారము తమకు రావలెనని దర్బారు కోరగా కంపెనీవారు ఇచ్చివేసిరి. అంతట కుఠీయే అసలు కాళి గనుక కుఠీ, నాబీ గ్రామములు కూడ తమవేయని దర్బారు వాదించెను. కాలాపానీ వద్దనున్న పవిత్రమైన ఊటనుండి వెడలు చిన్న పాయనే జనులు చిరకాలముగా కాళిగా నెంచుచున్నారని సర్వే అధికారి కెప్టెన్ వెబ్ మొదలగువారు చూపగా, కంపెనీవారు ఆ కోరికను త్రోసిపుచ్చిరి. జలరాశిని బట్టి చూచిన కుఠీ పెద్దది. ఆచారమును బట్టి చూచిన కాలాపానీ ఊటయే మూలము. ఈ రెండు ప్రమాణములలో దేనిని గ్రహింపవలయునో సంధికర్తలు చెప్పియుండిన, తరువాతి వాదము లన్నియు అనవసరమయ్యెడివి.

పటములు ఈ చిక్కును విప్పలేదు. నేపాలు తన వాదమునకు 1827, 1856 నాటి పటములను చూపును. మనవారు 1879 నాటి పటమును చూపుదురు. అన్నియు ఆంగ్లపాలకులు గీయించినవే! కొలత గొలుసు పట్టినవాడు నాటి దొరతనపు ఉద్యోగియేగాని నిష్పక్షపాతియైన మధ్యవర్తి కాడను సంగతి ఇరువురును మరచుచున్నారు. పరులు సర్వేకు వచ్చుటకే నేపాలు దర్బారు ఇష్టపడలేదు. ఎవరెస్టు ఎత్తును సైతము దక్షిణపు మైదానములనుండి దూరదర్శినులతో లెక్కగట్టవలసివచ్చినది.

కాలాపానీ భూభాగమున మన పరిపాలన దీర్ఘకాలముగా సాగుచున్నదను భారత వాదము బలమైనదేయని నా అభిప్రాయము. అయినను బలమైన వాదము గలవాడు చర్చకు వెనుదీయుట తగదు. దాదాపు 1,750 కిలోమీటర్ల సరిహద్దులో నూటికి 98 వంతుల మేర 182 పటములు 2007 నాటికే ఉభయదేశముల సాంకేతిక సంఘముచే సిద్ధమైనవి. మిగిలినవి కాలాపానీ, సుస్తా మాత్రమే. గండకీనది పడమటికి జరిగినందున, పూర్వము పడమటి ఒడ్డున నుండిన సుస్తా నేడు తూర్పు ఒడ్డున నున్నది. ఈ రెండింటిని విదేశాంగ కార్యదర్శులు పరిశీలింపవలెనని 2014లో ఉభయులును నిర్ణయించుకొనిరి. ఆ పని తీరకముందే 2019 నవంబరులో కాలాపానీని మనదిగా చూపు మన పటము, 2020 మే నెలలో మనము వేసిన లిపులేఖ్ బాట ప్రారంభము, పిమ్మట లింపియాధురాను కలుపుకొన్న నేపాలు పటము వెలువడినవి. ఆ పటమును జూన్‌లో వారు రాజ్యాంగమునకే ఎక్కించిరి. రాజ్యాంగమున కెక్కిన గీతనుండి ఏ మంత్రి వెనుకకు రాగలడు?

సరిహద్దు మార్పరానిదను మాటకు చరిత్రలో ఆధారము లేదు. 1857 తిరుగుబాటులో నేపాలు ప్రధాని జంగ్ బహదూర్ రాణా చేసిన సాయమునకు ప్రతిగా 1860లో ఆంగ్లేయులు బాంకే, బర్దియా, కైలాలీ, కాంచన్‌పూరులను నేపాలుకు తిరిగియిచ్చిరి. 2015లో మనమును బంగ్లాదేశమును పరస్పరము భూఖండములను మార్చుకొంటిమి. ఇక స్థానికుల సంగతి చూడుడు: మైదానమున సరిహద్దు స్తంభముల కిరువైపుల నుండు దశగజా యను ఖాళీ నేలపట్టీని దాటి జనులు సంతలకును పెండ్లిండ్లకును పోవుచుందురు, శీతకాలమున దిగువకు దిగు ఛాంగ్రు, తింకర్ వాసులకు మన ధార్చులా మీదుగా పోవు దారియే చిరకాలముగా ఆధారము. కనుక 2014 నాటి నిర్ణయము ప్రకారము కార్యదర్శుల సమావేశమునకు తేదీ నిర్ణయించి, నేపాలును ఆహ్వానించు బాధ్యత పెద్ద దేశమైన మనదే.