సాదుకునుడు వేరు, కొనుక్కునుడు వేరు



మొన్న శనివారం పొద్దుగూకే యాళ్ళకు అమీర్‌పేట మెట్రో కింద చాయ్ తాగుతూ ఒక తమ్ముడు నన్నొక మాట అడిగాడు. తమ్ముడంటే రక్తసంబంధం కాదు, ఉద్యమ సంబంధం. పక్కన ఆయన భార్య, నన్ను సొంత అన్న లెక్క చూసుకునే చెల్లె. పెళ్ళయి తొమ్మిదేండ్లు. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఉన్న సంతాన సాఫల్య కేంద్రాల్లో వాళ్ళు ఎక్కని మెట్లు లేవు. పుస్తెలతాడు పోయింది, ఊరి బయట కొన్న ప్లాటు పోయింది. ఇక చాలనుకున్నారు.

"అన్నా, ఒకామె డైరెక్టుగా ఇప్పిస్తా అంటుంది. నాలుగు లక్షలు. దవాఖాన కాగితంల మా పేర్లే రాయిస్తదంట. తీస్కుందుమా?"

నేను నోరు తెరిచేలోపు చెల్లె అంది: "తెల్లగ ఉంటదంట అన్నా. మంచి కులపోళ్ళ పిల్లనంట."

ఆ మాట దగ్గర నాకు చాయ్ దిగలేదు. అమ్మేటామె నోట ఆ మాట వచ్చిందంటే అర్థముంది, అది ఆమె సరుకు. కానీ వాడలో పుట్టి, అంబేడ్కర్ జయంతికి నీలి జెండా పట్టుకుని నడిచిన మనం కూడా ఆ మాటకు ఒక రేటు ఉందని ఒప్పుకుంటే ఎట్లా? మంచి కులం పిల్లకు నాలుగు లక్షలైతే మన పిల్లకు ఎంత?

ఆ రేటు ఎంతో మన రాష్ట్రం ఒకసారి చూసింది. 1999 నుంచి 2001 మధ్య నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో లంబాడా ఆడబిడ్డలను అతి తక్కువ పైసలకు కొని, హైదరాబాద్ సంస్థల ద్వారా దత్తత పేరుతో విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. గీతా రామస్వామి లాంటి వాళ్ళు దాని వెంటపడి పోరాడారు. పేదరికం సాకుతో బిడ్డలను అప్పగించుకునే పద్ధతిని 2001లో ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. పాతికేండ్లు దాటింది, వ్యాపారం ఆగలేదు. 2024 మేలో మేడిపల్లి పోలీసులు ఢిల్లీ, పుణెల నుంచి తెచ్చి అమ్ముతున్న పసిపిల్లల ముఠాను పట్టుకున్నారు. పెంచుకుంటున్న వాళ్ళ ఒళ్ళోంచి ఆ పిల్లలను తీసి శిశు విహార్‌కు చేర్చారు. పైసలిచ్చిన తల్లులు ఏడ్చారు. అసలు కన్న తల్లులు ఎక్కడ ఏడ్చారో ఏ టీవీ చూపించలేదు.

అందుకే తమ్ముడికి చెప్పాను. దీన్ని డైరెక్టు దత్తత అనకు, బిడ్డను కొనుడు అను. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద అమ్మినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ ఐదేండ్ల దాకా కఠిన జైలు. దవాఖాన సిబ్బంది చేతుంటే వాళ్ళకు ఏడేండ్ల దాకా. ఏ రోజు పోలీసులు తలుపు కొడతారో తెలియక, బిడ్డ ఏడ్చినా భయపడే బతుకు అది.

మరి దారేది? దారులు మూడున్నాయి. నాకు బాగా తెలిసిన దానితో మొదలుపెడతా.

నన్ను సాదుకున్నది మా చిన్నమ్మ. మా అమ్మకు నలుగురం, చిన్నమ్మకు లేరు. నాకు మూడేండ్లప్పుడు వాడ పెద్దల ముందు కొత్త అంగీ తొడిగి చంకన ఎత్తుకుంది. హోమం లేదు, పంతులు లేడు, కాగితం లేదు. నాకు ఇద్దరమ్మలు అని గొప్పగా చెప్పుకుంటూ పెరిగాను. ఆమె పోయిన తర్వాత తెలిసింది కాగితం విలువ. ఎకరంన్నర అసైన్డ్ భూమికి ఫౌతి చేయించబోతే చిన్నాయన వైపు వాళ్ళు "ఈడు మా ఇంటోడు కాదు" అన్నారు. నా పదో తరగతి మెమోలో కన్నవాళ్ళ పేర్లే ఉన్నాయి. భూమి పోయిందని కాదు నా బాధ. ఆమె కొడుకును కానని నలుగురిలో అనిపించుకున్నాను, అది.

తమాషా ఏంటంటే, చిన్నమ్మ చేసింది చట్టం ప్రకారం సరైనదే. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టానికి హోమం అవసరం లేదు. బిడ్డకు పదిహేనేండ్లు నిండకుండా ఉండాలి, ఇచ్చేవాళ్ళు ఇవ్వాలి, తీసుకునేవాళ్ళు తీసుకోవాలి, భార్యాభర్తలు ఒప్పుకోవాలి. ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ సంతకాలు పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు చేయించుకుంటే, కాదని రుజువయ్యేదాకా ఆ దత్తత నిజమనే కోర్టు అనుకోవాలి. ఆ ఒక్క కాగితం లేక నేను పరాయోడినయ్యాను. కాబట్టి అక్క బిడ్డనో, అన్న బిడ్డనో సాదుకునేవాళ్ళు వెంటనే రిజిస్టర్ చేయించండి. ప్రేమ ఉంది కదా, కాగితమెందుకు అనకండి. భూమి దగ్గరకొచ్చేసరికి ప్రేమను ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

ఇక్కడొక చిక్కుంది. ఆ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకే. మన వాడల్లో కాగితం మీద ఒకటి, ఆదివారం చర్చి ఒకటి. క్రైస్తవులకు ముస్లింలకు 1890 నాటి గార్డియన్ చట్టమే చాలాకాలం దిక్కు. దాంతో సంరక్షకుడివి అవుతావు, తండ్రివి కావు. జువెనైల్ జస్టిస్ చట్టం ఆ గోడను పగలగొట్టింది. ఏ మతం వాళ్ళైనా దాని కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సొంత చుట్టాల బిడ్డను కూడా ఆ చట్టం కింద తీసుకోవచ్చు.

మూడోది కారా దారి. కేంద్ర దత్తత వనరుల సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చూస్తారు. వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు పంపుతారు, 48 గంటల్లో చెప్పాలి. చివరి ఉత్తర్వు 2022 నుంచి కోర్టు కాదు, జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. తర్వాత రెండేండ్ల పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. కన్నతల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు సంతకం చేసినా, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువుంటుంది. నాకు ఈ దారిలో అన్నిటికంటే నచ్చేది అదే. నాలుగు లక్షల దారిలో ఆ తల్లికి ఆరు నిమిషాలు కూడా ఉండవు.

ఇబ్బందులు లేవా? ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కావాలంటే మూడేండ్ల పైన ఆగాలి. రెండు గదుల కిరాయి ఇంటిని చూసి సోషల్ వర్కర్ ఏం రాస్తారో అని మనవాళ్ళు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. అయినా ఆ ఫారంలో మగబిడ్డా ఆడబిడ్డా, వయసెంత, ఏ రాష్ట్రం, ఆరోగ్యం ఎట్లా అని అడుగుతారు తప్ప కులం కోరుకునే గడి లేదు. పాత ధర్మశాస్త్రంలో దత్తతకు ఒకే కులం కావాలి, అదీ మగబిడ్డే. దత్తతకు కులం అడ్డు కారాదని హిందూ కోడ్ బిల్లులో పెట్టినవాడు బాబాసాహెబ్. ఆ బిల్లు ఆగిపోతే 1951లో మంత్రి పదవి వదిలేశాడు. పంజగుట్ట చౌరస్తాలో 2019లో ఆయన విగ్రహం తీసేస్తే రోడ్డెక్కి కొట్లాడిన మనం, మంచి కులం పిల్లను వెతుక్కుంటే ఆయనకు ఏం మొహం చూపిస్తాం?

మరి రేపు ఆ బిడ్డకు కుల సర్టిఫికెట్? చెల్లె అడిగిన అసలు ప్రశ్న ఇది. పెళ్ళి వల్లో దత్తత వల్లో వెనుకబడిన కులంలోకి వచ్చిన అగ్రకులస్థులకు రిజర్వేషన్ రాదని 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. కులాంతర పెళ్ళి బిడ్డల విషయంలో మాత్రం, ఆ బిడ్డ ఎవరి మధ్య పెరిగింది, ఏ అవమానం పడింది అన్నది చూడాలని 2012లో రమేశ్‌భాయి కేసులో చెప్పింది. పుట్టుక తెలియని పసిబిడ్డ మాదిగ ఇంట్లోనో మాల ఇంట్లోనో పెరిగితే, వాడ బడిలో ఆ పేరుతోనే పిలిపించుకుంటే, ఆ బిడ్డది ఏ కులం? దీన్ని ఒక్కో తాసీల్దార్ ఇష్టానికి వదలొద్దు. ప్రభుత్వం స్పష్టమైన జీవో ఇవ్వాలి. ఇది మనం ఎత్తుకోవాల్సిన డిమాండ్.

తమ్ముడూ చెల్లె అక్కడే ఏమీ తేల్చలేదు. చెల్లె చాలాసేపు ఏడ్చింది. "మూడేండ్లంటే నాకు నలభై వస్తయి అన్నా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఐదారేండ్ల పిల్లలు, కొంచెం జబ్బున్న పిల్లలు ఎవరూ కోరుకోక హోముల్లో ఎదురుచూస్తుంటారని మాత్రం చెప్పాను. లేచేముందు ఆమె అడిగింది: "ఐదేండ్ల పిల్ల నన్ను అమ్మా అంటదా అన్నా?"

"నేను మూడేండ్లప్పుడు పోయిన. అన్న గదా" అన్నాను.

రాత్రి పదకొండింటికి తమ్ముడి మెసేజ్ వచ్చింది. కారా నమోదుకు ఏమేం కాగితాలు కావాలని. నాలుగు లక్షలామె నంబరు బ్లాక్ చేశారో లేదో నేను అడగలేదు. సోమవారం పోయి ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చుంటా.

జై భీమ్.