పెట్టెపై పేరొకటి, లోన చిప్పొకటి

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీ విండోసు 10నకు సామాన్య పోషణమును ముగించెను. విండోసు 11 కోరు యంత్రసామగ్రి లేని పాత కంప్యూటరుల నేమి చేయవలెనను ప్రశ్న ఇండ్లలోను, పాఠశాలలలోను, పఠనమందిరములలోను పుట్టినది. వానిని చెత్తబండి కెత్తుట యొక మార్గము. లినక్సును స్థాపించి మరి కొన్ని యేండ్లు వాడుకొనుట రెండవ మార్గము. ఈ రెండవదియే వివేకమని మా దృఢాభిప్రాయము. కాని యీ త్రోవ ద్రొక్కినవారిలో ననేకులు మొదటి దినముననే యొక చిన్న వస్తువుకడ ఆగిపోవుచున్నారు. అది బొటనవ్రేలంత యు.ఎస్.బి. వై-ఫై అడాప్టరు. దానిని గ్రుచ్చినను దీపము వెలుగదు. వెలిగినను వై-ఫై కనబడదు. వెంటనే “లినక్సు పనికిరాదు” అను తీర్పు వెలువడును. ఈ తీర్పు న్యాయమైనదా యని విచారింతము.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు కెర్నెలులో నేడు వేలకొలది పరికరములకు డ్రైవరులు ముందే కూర్చబడి యున్నవి. అడాప్టరు పనిచేయుటకు మూడు కుదురవలెను. లోనున్న చిప్పును కెర్నెలు గుర్తింపవలెను. దానికి తగిన డ్రైవరుండవలెను. పెక్కు చిప్పులకు, గ్రుచ్చినప్పుడెల్ల లోనికి పంపవలసిన ఫర్మువేరను చిన్న ప్రోగ్రాము డిస్కుపై నుండవలెను. ఈ మూటిలో నేది లోపించినను ఫలిత మొక్కటే. కావున లోప మెక్కడనో తెలిసికొనక, ఎవరో చెప్పిన ఆజ్ఞల నన్నిటిని వరుసగా టైపుచేయుట గుడ్డియెద్దు చేను బడినట్లగును.

‘ఎల్ఎస్‌యుఎస్‌బి’ యను ఆజ్ఞ నిచ్చినచో తయారీదారును, నమూనాను తెలుపు రెండు సంకేతములు కనబడును. చిప్పేదో పట్టియిచ్చునవి యవియే. కొన్ని అడాప్టరులు తొలుత విండోసు డ్రైవరుగల సి.డి. వలె నటించును, వానిని ‘యుఎస్‌బి మోడ్‌స్విచ్’ అను సాధనముతో నిజరూపమునకు దేవలెను. ఫర్మువేరు దొరకలేదని ‘డిమెసేజ్’ అను ఆజ్ఞ తెలిపినచో ఆ ప్యాకేజీని స్థాపించిన జాలును. డెబియను సంఘమువారు 2022లో సభ్యుల వోటుచే నిర్ణయించి, 2023లో వెలువడిన 12వ కూర్పునుండి మూలము బహిరంగము కాని ఫర్మువేరును గూడ స్థాపన డిస్కులోనే చేర్చుచున్నారు. ఇంటర్నెట్టు లేనిదే యీ సామగ్రిని దింపుకొనుట యెట్లని చింతింప బనిలేదు. మొబైలు ఫోనును యు.ఎస్.బి. తీగతో తగిలించి టెథరింగు పెట్టిన ఆ పూటకు గడచును.

డ్రైవరే కెర్నెలులో లేని చిప్పుల సంగతి వేరు. వెలుపలినుండి మూలమును దెచ్చి సంకలనము చేయవలెను. కెర్నెలు మారినప్పుడెల్ల మరల చేయవలెను. లేదా యా పనిని ‘డికెఎంఎస్’ అను సాధనమునకు అప్పగింపవలెను. సెక్యూర్ బూట్ ఉన్నచోట ఆ డ్రైవరునకు సంతకము కూడ కావలెను. ఇది సామాన్య గృహస్థుడు మోయవలసిన బరువు కాదు.

ఇక పేరుల మాయ. టి.పి.-లింకు వారి ‘టి.ఎల్.-డబ్ల్యు.ఎన్.722ఎన్’ అను అడాప్టరు మొదటి కూర్పులో అథెరాసు ఏ.ఆర్.9271 చిప్పుండెను. దాని డ్రైవరు కెర్నెలులోనే యున్నది. ఫర్మువేరు మూలము సైతము 2013లో బహిరంగమయ్యెను. రెండవ కూర్పులో దాని స్థానమున రియల్‌టెక్కు చిప్పు చేరెను. పేరు మాత్రము మారలేదు. మొదటిదానిని పొగడగా విని రెండవదానిని కొన్నవానికి నేతిబీరకాయలో నేయి దొరకినట్లే!

“లినక్సు వాడువారు కొద్దిమంది, వారికొరకు మాకు వ్యయమేల?” యని తయారీదారు లనవచ్చును. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని డ్రైవరును వారే వ్రాసి పెట్టవలెనని మేము కోరుట లేదు. చిప్పు వివరములను దాచకున్న, వ్రాయుటకు సిద్ధముగా నున్నవారు ప్రపంచమంతట గలరు. చిరకాలము తలుపు మూసికొనియున్న బ్రాడ్‌కామ్ కంపెనీయే 2010లో తన వై-ఫై చిప్పులు కొన్నిటికి డ్రైవరు మూలమును వెల్లడించెను. దానిచే దాని వ్యాపారము మునుగలేదు. పెట్టెపై చిప్పు పేరును, కూర్పు సంఖ్యను అచ్చువేయుటకు సిరా ఖర్చు తప్ప వేరు వ్యయమే లేదు.

ప్రభుత్వ కార్యాలయములలో మూలము బహిరంగమైన సాఫ్టువేరును వాడవలెనను విధానమును భారత ప్రభుత్వము 2015లో ప్రకటించెను. విధానము చక్కనిదే, కాని కొనుగోలు షరతులలో దాని ఛాయ కనబడకున్న నేమి ఫలము? కెర్నెలులోని డ్రైవరుతోనే పనిచేయు పరికరములను మాత్రమే కొందుమని పాఠశాలలకును, గ్రంథాలయములకును సామగ్రి సమకూర్చువారు ఒక్క పంక్తి వ్రాసిన, వర్తకుల బీరువాలు తామే మారును. లినక్సును తెలుగున దెచ్చుటకు మనలో ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు పాటుపడినవి. తెరపై తెలుగక్షరములు వెలిగి, లోకముతో సంబంధము మాత్రము తెగియున్నచో ఆ శ్రమ సగము వ్యర్థమగును.

పాఠకులారా! లినక్సును నిందింపకముందు చిప్పు నడుగుడు. అంగడిలో కాలుపెట్టినప్పుడు ధర యడుగుటకంటె ముందు “ఇందులో ఏ చిప్పు? ఏ కూర్పు?” అని యడుగుడు. చెప్పలేనివానికడ కొనకుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు, వర్తకుడు పెట్టునా?