పండగ సెలవు ఎవరికి?

డిసెంబరు చివర్నుంచీ మా ఆఫీసు మెయిల్‌బాక్సులో ఒకటే వరద. "పండగ సీజన్లో ఆరోగ్యంగా ఉండటం ఎలా?" చిన్న ప్లేటు తీసుకోండి, స్వీట్లు తగ్గించండి, 8 గంటలు నిద్రపోండి.. అన్నీ మంచి మాటలే, కాదన్ను. నా గొడవల్లా అందులో లేని మాట గురించి. ఆ ప్లేట్లోకి వచ్చేది వండేవాళ్ళ ఆరోగ్యం సంగతేంటి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాం. రాత్రంతా బస్సులో ప్రయాణం. భోగి రోజు పొద్దున్నే దిగి, మంట దగ్గర ఫోటో తీయించుకుని ముసుగు తన్నాను. మా ఆవిడా అదే బస్సు దిగింది, తనదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నేను దుప్పట్లోకి, తను వంటింట్లోకి!

లేచాక అమ్మ నాలుగు అరిసెలు తెచ్చింది. "ఎందుకమ్మా ఇంత నూనె, డైట్లో ఉన్నా" అని జ్ఞానం పంచాను. ఏమీ అనకుండా రెండు తీసేసి వెళ్ళింది.

మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకెళ్తే, పొద్దున వేసుకోవాల్సిన బీపీ మాత్ర గట్టు మీద అలాగే ఉంది. "టిఫిను తిన్నాక వేసుకుందామనుకున్నా, తినడానికే కుదర్లేదురా" అంది. అమ్మకి 62 ఏళ్ళు.

అసలు అరిసెలంటే ఏంటనుకున్నారు? బియ్యం రాత్రంతా నానాలి. వడకట్టి తడి ఆరకముందే పిండి పట్టించాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండకట్టేదాకా పక్కకి కదలకూడదు. పిండి కలిపేసరికి భుజాలు పడిపోతాయి. ఆపైన వేయించడం, ఒక్కొక్కటీ చెక్కలతో నొక్కి నూనె పిండటం. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని ఆన్‌కాల్. మన టీములో ఎవరినైనా ఇలా వారం ఉంచితే ఎస్కలేషన్ పెట్టమా?

కేంద్ర గణాంక శాఖ వారి 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెడుతున్నది 97. ఇది ఏడాది మొత్తం మీద సగటు. పండగ లెక్క వేరే చెప్పాలా?

"అమ్మకిష్టం, వద్దంటే బాధపడుతుంది" అంటారు. ఇష్టమే. మనకీ కోడింగ్ ఇష్టమే, అలాగని ప్రతి వీకెండూ ఊరికే చెయ్యమంటే ఊరుకుంటామా? "స్వీట్‌షాపులో కొనేస్తే పోలా" అని ఇంకొందరు. కొనండి, తప్పులేదు. మరి ఇంటినిండా చుట్టాలకి వంటలు, గిన్నెలు? అవీ షాపులో దొరుకుతాయా?

కనుమ రోజు గారెల పప్పు నేను రుబ్బాను. చిల్లు మధ్యలో పడకుండా అన్నీ పక్కకి పోయాయి. నాన్న గిన్నెలు కడిగారు, రెండు పగిలాయి. అయినా అమ్మ తొమ్మిదింటికల్లా టిఫిను తిని మాత్ర వేసుకుంది. నాకది చాలు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంటిపనీ ఆ లెక్కలోకే వస్తుంది. ఊళ్ళో జిమ్ము లేదని ఏడవక్కర్లేదు :)

కాబట్టి అయ్యలారా, ఈసారి ఊరెళ్ళినప్పుడు అరిసెలో క్యాలరీలు తర్వాత లెక్కపెడుదురుగాని. ముందు వంటింట్లోకెళ్ళి, మాత్ర వేసుకున్నారా అని అడగండి. అడిగి ఊరుకోకుండా ఆ గరిటె మీరందుకోండి. ఏమంటారు?