కారు గుర్తుంది సరే, బాగుచేసిన చేతులు?

మన పిలకాయల్ని పదమూడో ఎక్కం అడిగితే గోడవైపు చూస్తారు. అదే ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల్లో ఏ భాగంలో ఏ కారొచ్చింది, దాని రంగేంటి, ఇంజనెంత అని అడిగి చూడండి. గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. 2001లో మొదలైన ఈ సినిమాలు 2023కి పది భాగాలయ్యాయి. తెలుగులోకి డబ్బింగయి ముందు టీవీల్లోకి, ఇప్పుడు సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చేశాయి.

ఇట్లాంటి సినిమాల గురించి మన ఆడవాళ్ల నోట రెండే మాటలు వినబడతాయి. “ఆ గోల కట్టెయ్‌రా” అనేది ఒకటి. “మగపిల్లలన్నాక అంతేలే” అనేది రెండోది. నాకు రెండూ నచ్చవు. పిల్లలు ఇంతగా ఇష్టపడేదాన్ని చూడకుండా తిట్టడం ఎంత తప్పో, చూడకుండా వదిలెయ్యడమూ అంతే తప్పు. కథలు రాసుకునేదాన్ని గనక, ఆ కార్ల వెనక కథేముందోనని వరసబెట్టి చూశాను. నాకు తోచింది ఇదీ. ఈ సినిమాల్లో మనం పిల్లలకి దగ్గరుండి చూపించాల్సిన మంచి ఒకటుంది. దగ్గరుండి విప్పి చెప్పాల్సిన అబద్ధమూ ఒకటుంది.

ముందు మంచి సంగతి.

మొదటి సినిమా చూసినవాళ్లెవరూ మర్చిపోలేని కారు నల్లటి డాడ్జ్ చార్జర్, 1970 మోడల్. కథానాయకుడు డామినిక్ వాళ్ల నాన్నతో కలిసి, చేతులకి గ్రీజు పూసుకుని తయారుచేసుకున్న కారది. ఆ తండ్రి రేసులోనే కాలిపోయి చనిపోతాడు. కొడుకు ఆ కారుని షెడ్డులో దాచుకుంటాడు గానీ తోలడు. ఎందుకయ్యా అంటే, భయం అంటాడు. కండలు తిరిగిన అంత వస్తాదుకి కారంటే భయం! దాని గుర్రపు శక్తి ఎంతో చెప్పే మా పిల్లలకి ఈ మాట గుర్తులేదు. నాకు మాత్రం ఆ ఒక్క మాటే గుర్తుండిపోయింది. కారు ఏం చెయ్యగలదో తెలిసినవాడే దానికి భయపడతాడు.

రెండోది నారింజ రంగు టయోటా సుప్రా. అది మొదట లారీ మీద తుక్కుసామానులాగా వస్తుంది. రూపురేఖలుండవు. దాన్ని పగలూ రాత్రీ కూచుని విప్పి, కడిగి, బిగించి మళ్లీ కారుని చేస్తారు. ఎందుకంటే, కుర్రాడొకడు పందెంలో ఓడిపోయి, పది సెకన్ల కారొకటి బాకీ పడ్డాడు. పావు మైలు, అంటే మన లెక్కలో సుమారు 400 మీటర్లు, పది సెకన్లలో పరిగెత్తే కారన్నమాట. చివరికి ఆ కుర్రాడు కారు తాళం బాకీ కింద చేతిలో పెట్టేస్తాడు. రేసులకన్నా నాకు ఆ బాకీ తీర్చడమే నచ్చింది.

ఈ సినిమాల్లో బటన్ నొక్కగానే కారు బాణంలా దూసుకుపోతుందే, దాన్ని ‘నైట్రస్’ అంటారు. అదేదో మంత్రమని పిల్లలనుకుంటారు. మంత్రమూ లేదు, మాయా లేదు. నైట్రస్ ఆక్సైడ్ అనేది ఆపరేషన్లప్పుడు మత్తు కోసం వాడే వాయువే. ఇంజను వేడికి అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు మండుతుంది. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో చేసిన పని ఇదే. గాలి ఊదితే మంట లేస్తుంది. మోతాదు మించి ఊదితే నిప్పురవ్వలు కొంగు మీద పడతాయి. మొదటి సినిమాలో ఆ కుర్రాడి ఆకుపచ్చ కారుకి జరిగింది కూడా అదే. గెలవాలనే తొందరలో అదేపనిగా బటన్ నొక్కి, ఇంజను పాడుచేసుకుంటాడు. ఈ సంగతి ఊదుగొట్టంతో పోల్చి చెబితే మా అబ్బాయి నోరు తెరుచుకుని విన్నాడు. ఫిజిక్సు పుస్తకం తెరిస్తే నిద్రపోయే పిల్లాడు!

2006లో వచ్చిన మూడో భాగం, ‘టోక్యో డ్రిఫ్ట్’లోనూ ఇంతే. 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ పాతబండి ఒకటి తండ్రి దగ్గర పడుంటుంది. దెబ్బతిన్న జపాను కారులోంచి ఇంజను తీసి దీంట్లో బిగిస్తారు. తండ్రికీ కొడుక్కీ పొసగని ఇంట్లో ఆ పాతబండే ఇద్దర్నీ దగ్గరచేస్తుంది. చూశారా, ఈ సినిమాల్లో బాగా గుర్తుండే కార్లన్నీ ఎవరో ఒకరు చెమటోడ్చి చేసుకున్నవే. కొనితెచ్చినవి కావు.

పోనుపోనూ ఈ సినిమాలకి డబ్బు చేసింది. 2011లో వచ్చిన అయిదో భాగంలో రెండు చార్జర్లు పెద్ద ఇనపపెట్టెని వీధులెంబడి ఈడ్చుకుపోతాయి. షూటింగ్ కోసం ఆ పెట్టెలు కొన్ని చేశారట. వాటిలో ఒకటి అసలు బండే! లోపల డ్రైవరు కూచుని తోలాడు. 2015లో వచ్చిన ఏడో భాగంలో అబుదాబిలో ఒక మేడ మీదనించి ఇంకో మేడలోకి ఎర్రకారు ఎగిరి దూకుతుంది. ఆ కారు పేరు లైకన్ హైపర్‌స్పోర్ట్. వెల 34 లక్షల డాలర్లు. హెడ్‌లైట్లలో వజ్రాలు పొదిగారు. మనకి ముక్కుపుడకలో ఒక్క రాయి పొదిగించాలంటే ఏడాదంతా చీటీ కట్టాలి! సినిమాలో దూకింది మాత్రం ఆ అసలు కారు కాదు. దాని పోలికలో సినిమా కోసం చేసిన కార్లు వేరే ఉన్నాయి.

మరి జనం మనసులో నిలిచింది ఏది? 2021లో అమెరికాలో ఒక వేలం జరిగింది. మొదటి సినిమాలో వాడిన నారింజ రంగు సుప్రాని 5 లక్షల 50 వేల డాలర్లకి పాడుకున్నారు. తుక్కులోంచి లేచిన కారుకి అంత ధర! బాగుచేసుకున్నదాని మీద ఉండే మమకారం వేరు. చిరిగిన చీరని బొంతగా కుట్టుకునే మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

ఇక అబద్ధం సంగతి.

ఈ సినిమాల్లో రోడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఉన్నా, తప్పుకుంటుంది. అదీ అబద్ధం. మూసేసిన రోడ్ల మీద, తర్ఫీదు పొందిన స్టంట్ డ్రైవర్లతో తీసే రేసులవి. మా మనుబోలు హైవే పక్క ఊరు. అప్పట్లో అయిదో నంబరు అనేవాళ్లం, ఇప్పుడది పదహారో నంబరు జాతీయ రహదారి. మద్రాసు-కలకత్తా రోడ్డంటేనే మా పెద్దవాళ్లకి తెలుస్తుంది. ఈ రోడ్డు మీద పోర్టు లారీలుంటాయి. రొయ్యల వ్యాన్లుంటాయి. నాట్లకి పోయే ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూచున్న ఆటోలుంటాయి. సాయంకాలమైతే ఇంటిదారి పట్టిన బర్రెగొడ్లుంటాయి. వాటిలో ఏదీ హీరో వస్తున్నాడని తప్పుకోదు.

గంటకి 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక్క సెకను పట్టిందనుకోండి, ఆలోపలే బండి 28 మీటర్లు పోతుంది. ఆ తర్వాత కదా ఆగడం మొదలయ్యేది! వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగేందుకు కావాల్సిన దూరం నాలుగింతలవుతుంది. పిల్లలకి కార్ల ఇంజన్లు తెలుసు, ఈ లెక్క తెలీదు.

ఈ లెక్క ఆ సినిమా వాళ్లనీ విడిచిపెట్టలేదు. నారింజ సుప్రా తోలిన నటుడు పాల్ వాకర్ 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలోనే పోయాడు. నలభయ్యేళ్లు. తోలింది కూడా తను కాదు, పక్కసీట్లో ఉన్నాడు. సుమారు 72 కిలోమీటర్లు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 130కి పైగా వేగంతో పోయిందని అక్కడి పోలీసులు తేల్చారు. సగంలో ఆగిన ఏడో సినిమాని అతని తమ్ముళ్లిద్దర్నీ పెట్టి పూర్తిచేశారు. చివర్లో ఒక తెల్ల సుప్రా పక్కదారి పట్టి దూరమైపోతుంది. ఆ దృశ్యం చూసి ఏడవని కుర్రాడు లేడు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, బండెక్కి మళ్లీ 100లో పోతాడు!

మనకీ ఇట్లాంటి కడుపుకోతలు తక్కువేం కాదు. 2010 జూన్‌లో కోట శ్రీనివాసరావు గారి అబ్బాయి, 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ గారి అబ్బాయి హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద బైకు ప్రమాదాల పాలయ్యారు, మనకి దక్కలేదు. 2017 మే 10న జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కి కారు గుద్దుకుని, అప్పటి మంత్రి నారాయణ గారి అబ్బాయి, అతని స్నేహితుడు చనిపోతే మా నెల్లూరు నెల్లూరంతా విలవిల్లాడింది. ఎవరి తప్పు అని తవ్వడానికి ఈ మాట ఎత్తలేదు. ఎంత ఖరీదైన బండి ఉన్నా, ఎంత పెద్ద ఇల్లయినా, రోడ్డుకి ఒకటే లెక్క అని చెప్పడానికి.

మా అబ్బాయి ఇంటర్లో చేరంగానే బండి కావాలంటున్నాడు. “ఊళ్లోనే కదా, తోలుకోనీలే” అని మావారు. ఆయన్ని కూచోబెట్టి చట్టం చదివి వినిపించాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండని పిల్లలు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి గలవాళ్లకో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. రోడ్ల మీద పందేలు కాస్తే మొదటిసారి మూడు నెలల వరకు జైలో, అయిదు వేల వరకు జరిమానానో, రెండూనో. మళ్లీ చేస్తే ఏడాది వరకు, పది వేల వరకు. “బండి కాదు, స్పానర్ల డబ్బా కొనివ్వండి వాడికి” అన్నాను. మావారు నవ్వారు గానీ, కొనుక్కొచ్చారు.

వేగం మీద నిజంగా అంత మోజుంటే దానికీ చోటుంది. ఇదే రోడ్డు మీద మద్రాసు ఇంకా రాకముందే తగిలే షోలవరంలో, యుద్ధకాలపు పాత రన్‌వే మీద ఒకప్పుడు కార్ల రేసులు జరిగేవి. ఆ తర్వాత 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో దానికోసమే ట్రాక్ కట్టారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగింది. అదీ నడివీధిలోనే. కానీ రోడ్డు మూసి, రెండువైపులా గోడలు కట్టి, డాక్టర్లని సిద్ధంగా ఉంచి జరిపారు. వీధిలో రేసు జరపాలంటే అంత తయారీ కావాలి. బీరు సీసా, నలుగురు స్నేహితులు ఉంటే చాలదు.

ఆఖరుగా మన ఆడపిల్లల మాట.

2003లో వచ్చిన రెండో భాగంలో సూకీ అనే అమ్మాయి గులాబీ రంగు హోండా ఎస్ 2000 తోలుతుంది. అది చూసి మా అమ్మాయి, “ఆడపిల్ల కారు గులాబీ రంగులోనే ఎందుకుండాలమ్మా?” అని అడిగింది. మంచి ప్రశ్నే! ఈ సినిమాల్లో లెట్టీ అనే పాత్ర మగవాళ్లకి దీటుగా తోలుతుంది, ఇంజను విప్పుతుంది. ఆ పాత్ర వేసిన మిషెల్ రోడ్రిగెజ్ కూడా, ఇకనైనా ఆడవాళ్లని పట్టించుకోకపోతే ఈ సినిమాలనించి తప్పుకుంటానని 2017లో బహిరంగంగానే చెప్పింది. మన దగ్గరికొస్తే, 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి అనే ఆరు టన్నుల కారుంది. నాగ్ అశ్విన్ అడిగితే మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరు జయం వాళ్లు కలిసి నిజంగానే తయారుచేశారు. అది మాట్లాడుతుంది, అది కీర్తి సురేష్ గొంతు. ముచ్చటగానే ఉంది. కానీ గొంతు ఆడమనిషిది, స్టీరింగు మగమనిషిది! అదెప్పుడు మారుతుంది? మన పక్కనే ఉన్న చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా రేసుల్లో జాతీయ ఛాంపియన్ అయింది. అట్లా కాకపోయినా ఫరవాలేదు. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకి గుండెనొప్పి వస్తే, కారు ఇంటిముందే ఉండి, తోలేవాడు ఊళ్లో లేక, ఆడవాళ్లం వీధిలో నిలబడి వచ్చేపోయే బండికి చెయ్యి ఊపే అవస్థ మాత్రం తప్పాలి. పద్దెనిమిది నిండిన ఆడపిల్లకి లైసెన్సు తీసివ్వడం షోకు కాదు, అవసరం.

అందుకని నా మాట ఒక్కటే. ఈసారి మీ ఇంట్లో ఆ సినిమా పెట్టినప్పుడు ‘కట్టెయ్’ అనకండి. వంటింట్లోంచి కేకెయ్యకుండా వచ్చి పక్కన కూచోండి. కారు ఎంత వేగంగా పోయిందని వాళ్లెట్లాగూ చెబుతారు. దాన్ని బాగుచేసిందెవరు, రోడ్డు మూసిందెవరు, లోపల కూచుని నిజంగా తోలిందెవరు అని మీరడగండి. ఆ మూడూ తెలిసిన పిల్లాడి చేతికైనా, పిల్ల చేతికైనా, వయసొచ్చాక తాళం ఇవ్వడానికి నాకైతే అభ్యంతరం లేదు. మీరేమంటారు?