నీటి కట్టడాలకు మార్కులెవరు వేయాలి?

తిరువూరు, గంపలగూడెం, ఏ.కొండూరు, విస్సన్నపేట మండలాల మెట్ట రైతుకు దిక్కు వాన, చెరువు, బోరు. సాగర్ ఎడమ కాలువకు చివరన ఉన్నవాళ్లం. కాలువ నీరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే వాటర్‌షెడ్ పనులు మనకు ప్రాణంతో సమానం.

వానల తీరు మారింది. వారాల తరబడి ముఖం చాటేసి, ఒక్క రాత్రిలో కుమ్మరిస్తోంది. 2024 ఆగస్టు ఆఖరున మన ఎన్టీఆర్ జిల్లా దాన్ని కళ్లారా చూసింది. బుడమేరు విజయవాడను ముంచింది. పాత వానల లెక్కతో కట్టిన చెక్‌డ్యాములు, చెరువుల అలుగులు ఇలాంటి వానకు ఆగుతాయా? ఆ నీటిలో కొంతైనా భూమిలోకి ఇంకుతుందా?

హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన సిఫారసులతో 1995 నుంచి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. సుమారు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్, పనుల్లో గ్రామస్తుల పెత్తనం అన్నారు. ఇన్నేళ్ల తర్వాత ఫలితమేమిటని అడిగితే కట్టినవెన్నో, ఖర్చెంతో చెబుతారు. బావిలో నీరెంత పెరిగిందో చెప్పేవారు అరుదు.

పాత కొలతలు లేనిచోట నిపుణుల అంచనా అవసరమే. భూగర్భజలం, నేల, పంటలు తెలిసినవారు ఎవరికి వారు విడిగా మార్కులు వేసి, కారణం రాసి, తర్వాత కలిసి చర్చిస్తే ఒకరి పొరపాటు మరొకరికి కనిపిస్తుంది. కానీ ఒక్క పూట చూసి వెళ్లేవారికి వాగు ఏ ఏడు ఎటు గండి కొట్టిందో, పైన కట్టిన చెక్‌డ్యాం వల్ల కింది చెరువుకు నీరు తగ్గిందో లేదో తెలియదు. అది ఊరే చెప్పాలి.

రైతుకు కొలతలు చేతకావనేవారికి జవాబు మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్ల నీటిమట్టాన్ని కొలిచారు. లెక్కలు ఊరందరికీ కనబడేలా రాసిపెట్టారు. రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకుని, ఉన్న నీటిని బట్టి పంట ఎంచుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. వాటర్‌షెడ్ పనులను అంచనా వేసే ప్రతి బృందంలో సన్నకారు రైతులు, కౌలు రైతులు, మహిళలు, దిగువ ఊళ్ల రైతులు ఉండాలి.

2. వానాకాలానికి ముందు, తర్వాత కొలిచిన బావుల నీటిమట్టాన్నే ఫలితంగా లెక్కించాలి.

3. నిపుణుల మార్కులు, కారణాలు తెలుగులో పంచాయతీ గోడపై పెట్టి గ్రామసభలో చర్చించాలి.

4. కొత్త కట్టడాలకు ముందు పాతవాటి పూడిక తీసి, అలుగులు బాగుచేయాలి. గట్టు మీద కందకాలు, చెట్లతో మొదలుపెట్టి కిందికి రావాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. తొలకరికి ముందే ప్రతి గ్రామ కమిటీ ఐదు బావులైనా ఎంచుకుని, బరువు కట్టిన తాడు వదిలి లోతు కొలిచి, తేదీతో పుస్తకంలో రాయాలి. వానలయ్యాక మళ్లీ కొలవాలి. అధికారులు వచ్చిన రోజున ఆ పుస్తకాన్ని వాళ్ల ముందు పెడదాం.