నలభై శాతం గీత

ఆంధ్రప్రదేశ్‌లోని కర్లపాలెం మండలంలో తాడిచెట్టు ఎక్కి బతికే గీత కార్మికుడు పడిపోయి, మోకాలు వంగకుండా అయ్యాడనుకుందాం. వైకల్యం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరు 35 శాతం వైకల్యం అని రాస్తే దివ్యాంగ పెన్షన్ రాదు. 40 అని రాస్తే 2024 జులై నుంచి పెరిగిన లెక్కన నెలకు 6,000 రూపాయలు వస్తాయి. ఏది రాసినా అతను ఇక చెట్టెక్కలేడు. డాక్టరు కొలత తప్పని కాదు, ఆయన కొలిచేది అవయవాన్ని. కుటుంబం పోగొట్టుకున్నది సంపాదనను. అదే మోకాలితో గుమాస్తా మర్నాడు కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు.

ఈ తేడా మన న్యాయవ్యవస్థకు కొత్తేమీ కాదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం చూస్తూ వచ్చింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నదే. ఎడమచేయి మోచేతి పైన తెగిపోయిన వడ్రంగి ఒంటిచేత్తో ఆ పని చేయలేడు కాబట్టి, అతని సంపాదన శక్తి పూర్తిగా పోయినట్టేనని సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. రోడ్డు ప్రమాదాల పరిహారంలోనూ ముందు బాధితుడి వృత్తి చూడాలని 2010లో వివరంగా చెప్పింది. పరిహారం ఒకరి బాధ్యత, పెన్షన్ సర్కారు సాయం, రెండూ ఒకటెలా అవుతాయని అడగవచ్చు. ఒకటి కావు, నిజమే. కానీ బతుకు గడవని వాడికి ఇచ్చే సాయంలో బతుకు గడుస్తుందా లేదా అన్నది చూడకపోతే ఇంకేం చూస్తున్నట్టు?

వృత్తిని కూడా చూడాలంటే వచ్చే అసలు అభ్యంతరం దొంగ సర్టిఫికెట్లది. 2025లో ప్రభుత్వం పెన్షన్లను మళ్ళీ తనిఖీ చేయించి లక్ష మందికి పైగా నోటీసులిచ్చింది. నిరసనలు రేగాయి, అప్పీలుకు అవకాశం దొరికింది. మోసం ఉంది, కాదనను. అయితే 39 దగ్గర సున్నా, 40 దగ్గర ఆరు వేలు అన్నప్పుడు ఆ ఒక్క అంకె కోసం డబ్బు చేతులు మారడంలో వింతేముంది? గీత అంత నిటారుగా ఉన్నచోట అబద్ధానికి లాభం ఎక్కువ, నిజాయితీపరుడికి నష్టం ఎక్కువ. 25 శాతం నుంచి మెట్లుగా సాయం పెంచుకుంటూ పోతే దొంగ సర్టిఫికెట్ ఆశ సగం చస్తుంది. ఖర్చు పెరుగుతుందంటారు, ఆ కింది మెట్లలో చేతిపనితో బతికేవాళ్ళకే, అదీ తక్కువ మొత్తం ఇస్తే భరించలేనిదేం కాదు.

జబ్బుల సంగతీ ఇంతే. డయాలసిస్ మీదున్న వారికి నెలకు 10,000, పూర్తిగా మంచానపడ్డ వారికి 15,000 రూపాయల పెన్షన్ ఉంది. కానీ పక్షవాతం వచ్చి కర్ర సాయంతో నడుస్తూ, నాట్లకు వంగలేని కూలీ మళ్ళీ శాతం దగ్గరే ఆగిపోతుంది. అందుకే సదరం సర్టిఫికెట్‌లో వృత్తి అనే గడి ఒకటి చేర్చాలి. జబ్బుకు ముందు ఏ పని చేసేవారో ఊరి సచివాలయం ధ్రువీకరించాలి, ఇప్పుడు ఆ పని చేయగలరా అన్నది డాక్టరు రాయాలి. ప్రభుత్వం వచ్చే తనిఖీ మొదలుపెట్టే ముందే ఈ మార్పు చేయాలి.